ముసుగు రెబెక్కా, యాడి టుక్రి

దసరా సెలవుల్లో కోటగిరి నుంచి టీచర్లం కొందరం కలిసి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. గుంపంతా 'ముసుగు రెబెక్కా' దగ్గరే. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిని పలుచని బట్టలా చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారట. గొప్ప పనే, కాదనం. కానీ రాయి బట్టలా కనబడితే కళ, తండాలో యాడి తలమీది టుక్రికి అద్దాలూ గవ్వలూ లెక్క తప్పకుండా కుడితే 'హస్తకళ'! కుట్టినామె పేరు అడిగేవాళ్లే తక్కువ.

రాత్రి బిర్యానీ తింటుంటే ఒక సారు, "అది కళ కాదు, అలవాటు" అన్నారు. మరి మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇంటి గోడల బొమ్మల నుంచే కదా వచ్చాడు? 1989లో పారిస్ ప్రదర్శనలో ఆయన చిత్రాలున్నాయి, ఆయన పేరుతోనే.

ఈసారి డ్రాయింగ్ పీరియడ్‌లో పిల్లలతో టుక్రి కుట్టు గీయిద్దాం. కింద కుట్టినామె పేరు రాయిద్దాం.