అతుకుల బొంతను తిప్పి చూస్తే

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే మన పత్రికలకు వెంటనే దొరికే మాట ‘అతుకుల బొంత’. ఆ మాట రాసేవాళ్లలో ఎందరు బొంత కుట్టి ఉంటారో నాకు అనుమానమే. బొంతలో అతుకు బలహీనమైన చోటు కాదు. అక్కడ గుడ్డ మందం, కుట్టు దగ్గర దగ్గర. చిరిగితే అతుకు పక్కన చిరుగుతుంది గానీ అతుకు దగ్గర కాదు.

మా వైపు ఆదోని పత్తి పేరెన్నిక గన్నది. మార్కెట్ యార్డూ, జిన్నింగ్ మిల్లులూ ఆ ఊరి బతుకు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం దుప్పట్లకు, తువ్వాళ్లకు పెట్టింది పేరు. ఇంత పత్తి, ఇంత నేత ఉన్నా చిన్న రైతు ఇంట్లో దూది పరుపు అరుదే. పత్తి అమ్ముకోవడానికి, పడుకోవడానికి పాత చీరల బొంత.

బొంత పని నేల మీదే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరల్ని పరిచి, నాలుగు మూలలా బరువులు పెడతారు. అడుగున ఒక గట్టి చీర, పైన ఒక గట్టి చీర. నడుమ పొరల్లో పంచెలు, లంగాలు, పిల్లల చొక్కాలు, ఏది ఉంటే అది. చూడ్డానికి కుక్కేసినట్టు ఉంటుంది గానీ అందులో లెక్కుంది: ఒక పొరలో చిరుగున్న చోట మరో పొర చిరుగు పడకూడదు. పల్చనయిన చోటికి ఎదురుగా గట్టి ముక్క రావాలి. పైకి కనిపించని ఈ సర్దుబాటులోనే సగం పనితనం ఉంది.

తర్వాత పొరలు కదలకుండా దూరం దూరంగా టాకాలు. ఆపైన అసలు కుట్టు. కొందరు అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, కొందరు సాలు తోలినట్టు వరుసలు వేసుకుపోతారు. కుడిచేయి సూది తోస్తుంటే ఎడమ అరచేయి ముందు ముందు గుడ్డను నిమురుతూ పోవాలి. ఆ చేయి ఆగితే ముడత పడుతుంది. కుట్లు ఎడమైతే నాలుగు ఉతుకులకు లోపలి పేలికలు ఒక మూలకు ఉండకడతాయి, మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగుస్తుంది. పాలిస్టర్ చీరలొచ్చాక పని చెడింది. సూది కింద జారతాయి, చెమట పీల్చవు. అయినా మెరుస్తాయి కాబట్టి పైపొరకు వాటినే వాడుతున్నారు.

మా ఇంట్లో ఒకటుంది. పైపొర నీలం చీర, ఇప్పుడు బూడిద రంగుకు దిగింది. కుట్టు ఎర్రదారం. మూడు వంతుల దాకా బియ్యపు గింజంత కుట్లు, సూటిగా. ఒక మూలకు వచ్చేసరికి హఠాత్తుగా చిటికెన వేలి గోరంత పెద్దవై, వంకర పోయాయి. అక్కడ చేయి మారింది. అవ్వకు చూపు మందగించి అమ్మ అందుకుంది. ఆ మూల కుట్లు విప్పి మళ్లీ వేస్తానని అమ్మ చాలాసార్లు అంది. వెయ్యలేదు, మంచిదయింది.

బ్రెజిల్ కళాకారిణి సోనియా గోమెస్ పని చూసినప్పుడు నాకు ఆ మూలే గుర్తొచ్చింది. ఆమె 1948లో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని కయెతనోపోలిస్‌లో పుట్టింది. అదీ మన ఎమ్మిగనూరులాగే బట్టతో బతికిన ఊరు. తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి. న్యాయశాస్త్రం చదివి, నలభై దాటాక కళాశాల మెట్లెక్కింది. ఎవరెవరో ఇచ్చిన పాత బట్టల్ని మెలిపెట్టి, తీగ చుట్టూ చుట్టి, కొయ్యకు కట్టి, కుట్టి, గోడకో కప్పుకో వేలాడదీస్తుంది. 2015లో వెనిస్ బియెన్నాలెకు వెళ్లింది. 2018లో సావో పాలోలోని పెద్ద మ్యూజియంలో ఆమె ఒక్కరి ప్రదర్శనే పెట్టారు. ఇచ్చినవాళ్ల బతుకు గుడ్డతోబాటు వస్తుందన్నది ఆమె పట్టుదల. మా అవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు: ‘ఇది మీ నాయన తొలి చొక్కా’ అంటూనే పొరల్లో పెట్టేది.

గోమెస్ తల్లి వైపు నుంచి వచ్చే ఆఫ్రికా దారం మనకూ దగ్గరే. 1688లో ఆదోని కోటను మొఘలులకు వదులుకున్న సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా మూలాల వాడు. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు ఇప్పటికీ ‘కవాండ్’ అనే బొంతలు కుడతారు. మూలల్లో మడతపెట్టిన గుడ్డ పూలు లేకపోతే వాళ్ల లెక్కలో అది పూర్తి కాదు. ఆయనకూ ఈ బొంతలకూ ముడి వేయబోవడం లేదు, ఊరికే తలుచుకున్నాను.

అలాగని బొంతకు చట్రం కట్టి గోడకు తగిలిద్దామనేవాళ్లతో నాకు పడదు. గోమెస్ గుడ్డను వాడకం నుంచి విడిపించింది, ఆమె గొప్ప అది. బొంత గొప్ప వాడకంలోనే ఉంది. కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి సుగ్గికని, అంటే కూలి పనుల వలసకని, గుంటూరు మిరప చేలకు కదిలే కుటుంబం మూటలో ముందు చేరేది అదే. పరుపు, దుప్పటి, ఎండకు నీడ, బిడ్డకు ఉయ్యాల అన్నీ ఆ ఒక్కటే. మ్యూజియం కావలసింది బొంతకు కాదు, కుట్టినామె పేరుకు.

స్టీలు సామాన్లబ్బి పాత బట్టలకని వీధిలోకి వస్తాడు. బొంతకు ఒక టిఫిన్ గిన్నె ఇస్తాడేమో. వేసేముందు ఒక్కసారి తిప్పి అడుగు చూడండి. ఏ చీర ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటే ఇవాళే అడిగి, ఒక గుడ్డముక్క మీద రాసి దాని మూలకు కుట్టండి.