చింతగింజల జిగురుతో నిలిచిన దండు

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటి మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడి చేరితే రాష్ట్రం మారిందని బోర్డులు చెబుతాయి గానీ బజార్లో మాట చెప్పదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది అక్కడే. ఊరు అటు పోయిందన్న బాధతో ఆయన రాజమండ్రి తరలిపోయారు. పంతులుగారి కథ మనకు గుర్తుంది. అదే ఊళ్లో చిత్రకారులు గుడ్డ అట్టల మీద రంగులద్ది నిలబెట్టిన దండు గురించి మాత్రం ఇటువైపు ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

ఆ దండు పేరు గంజీఫా, ఒడియాలో గంజప. గుండ్రటి పేకముక్కలు. బొబ్బిలి యుద్ధం కథ వింటూ పెరిగిన మనకు దండు అనగానే తాండ్ర పాపారాయుడు, బుస్సీ ఫిరంగులు కళ్లముందుకొస్తాయి. ఇది అలాంటిది కాదు. చెక్కపెట్టెలో నిద్రపోయి, దుప్పటి పరిచాక లేచి కొట్లాడే దండు.

ఆట పర్షియా నుంచి వచ్చింది. 1527లో బాబరు సింధులోని తన మిత్రుడికి గంజీఫా ముక్కలు పంపించినట్టు స్వయంగా రాసుకున్నాడు. అక్బరు కాలానికి అబుల్ ఫజల్ పన్నెండు రంగుల ఆట ఒకటి వర్ణించాడు. రంగుకు పన్నెండేసి, మొత్తం 144 ముక్కలు. మొదటి మూడు రంగులూ మనకు కొత్తవి కావు: అశ్వపతి, గజపతి, నరపతి. గుర్రాల బలం ఉన్నవాడు ఢిల్లీ ప్రభువు, ఏనుగుల బలం ఉన్నవాడు ఒడిశా రాజు, కాల్బలం ఉన్నవాడు బీజాపూరు ఏలిక అంటాడాయన. నరపతి అంటే విజయనగర రాయలని మనం వాదించవచ్చు, అది వేరే సంగతి. నరపతి రంగులో రాజు, మంత్రి పోగా మిగిలిన పది ముక్కల మీదా ఉండేది కాలిబంట్లే. మొదటి ముక్క మీద ఒకడు, పదో ముక్క మీద పదిమంది. కోటలకూ కవచాలకూ ఓడలకూ కూడా వేరువేరు రంగులున్నాయి. 19వ శతాబ్దంలో స్ట్రాస్‌బర్గ్, ఎపినాల్ అచ్చుకూటాలు కాగితం సైనికుల్ని పిల్లల కోసం షీట్ల కొద్దీ అచ్చువేశాయి. మన పేకముక్కల సైన్యం అంతకు చాలా ముందే పెద్దవాళ్ల చేతుల్లో ఉంది.

తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది ఎనిమిది రంగుల పేక, 96 ముక్కలు. దశావతారాల పేకకు 120. ఒడిశాలో పదహారు రంగులదాకా పెంచి 192 ముక్కలు కూడా గీశారు.

తయారీకి కావలసిన సరుకు ఇంట్లో దొరికేదే. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే జిగురు. ఆ జిగురుతో పాత నూలు గుడ్డను పొరల మీద పొరగా అతికి ఎండబెడతారు. సుద్దపొడి జిగురులో కలిపి రెండు వైపులా పూసి, రాయితో రుద్ది నునుపు తేల్చాక గుండ్రంగా కోస్తారు. శంఖం కాల్చి నూరితే తెలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, హరిదళం నుంచి పసుపు, దీపం మసి నుంచి నలుపు. ఒక్కో ముక్కను మొదలుపెట్టి ముగించే పద్ధతి కాదిది. ముక్కలన్నీ వరసగా పరిచి ఒక రంగు అన్నిటికీ వేసి, ఆరాక రెండోది. సన్న కుంచెతో నల్లగీత, తెల్లచుక్క పడేది చివర్లోనే. వెనకవైపు అన్నిటికీ ఒకే రంగు, ఆపైన లక్క పూత. ఆ వెనకవైపు సమానంగా రాకపోతే బొమ్మ ఎంత బాగున్నా పేక పనికిరాదు. ఎదుటివాడు వెనకనుంచే ముక్కను గుర్తుపట్టేస్తాడు.

రాజులకు దంతం మీద, తాబేటి చిప్ప మీద గీసిన పేకలుండేవి. దర్బారు పని, బజారు పని అని అప్పుడే రెండు తరగతులు. నా ఓటు బజారు పనికే. మ్యూజియం అద్దాల వెనక సాధారణంగా రాజు ముక్కలే కనిపిస్తాయి, నగలూ గొడుగులూ అక్కడే ఉంటాయి కాబట్టి. చేతిపని తెలియాలంటే అంకెల ముక్కలు చూడాలి. అరచేతిలో సగం లేని వలయంలో తొమ్మిదిమందిని ఇరికించాలి, ఆటగాడు రెప్పపాటులో లెక్క పోల్చుకోవాలి. ఆ తొందరలోనే తలపాగా ఒక వంపయింది, కత్తి ఒక గీతయింది. ఒడిశా పేకల్లో ఈ కుదింపు ఎంతదాకా వెళ్లిందంటే కొన్ని రంగుల గుర్తులు ఏ వస్తువువో కొత్తవాడికి అంతుపట్టదు.

ఆట తెలిస్తే ఆ అంకెల ముక్కల విలువ ఇంకా తెలుస్తుంది. తురుపు లేదు. ముగ్గురు కూర్చుని, బిరుసు ముక్కలు కాబట్టి దుప్పటి మీద బోర్లా పరిచి కలిపి పంచుకుంటారు. దశావతారాల పేకలో పగలైతే రాముడితో, రాత్రయితే కృష్ణుడితో ఆట మొదలు. ప్రతి రంగులోనూ రాజు పెద్ద, తర్వాత మంత్రి. అంకెల దగ్గరే తిరకాసు. సగం రంగుల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా సగంలో తలకిందులు: ఒంటరి బంటు పదిమంది గుంపును కొట్టేస్తాడు. పైముక్కలు పడిపోయిన కొద్దీ మిగిలినవాటిలో పెద్దదానికి హుకుం వస్తుంది. రాజూ మంత్రీ వెళ్లిపోయారని గుర్తున్నవాడే ఆ బంటుతో చెయ్యి ఎత్తుకోగలడు. 96 ముక్కల జాతకం బుర్రలో పెట్టుకోవాలి. అచ్చుపేక, అదీ 52 ముక్కలే, చవగ్గా దొరికాక జనం అటు మళ్లారంటే తప్పుపట్టలేం.

పాత పేక సేకరించాలనుకునేవారికి నాకు తోచిన రెండు మాటలు. ముందు వెనకవైపులు చూడండి. ఏదో ముక్క పోతే తర్వాతి తరం చిత్రకారుడు గీసిచ్చింది అక్కడే బయటపడుతుంది, ఎరుపు ఓ పిసరు తేడాగా ఉంటుంది. అలాంటి ముక్కను లోపంగా లెక్కవేసేవారితో నేను ఏకీభవించను. ఆ పేకను ఆడేవాళ్లు ఇంకా ఉన్నారని చెప్పే సాక్ష్యం అదొక్కటే. అంచులు అరిగితే అరగనివ్వండి. తడిగుడ్డతో మాత్రం తుడవకండి, జిగురుతో కలిపిన రంగు లేచి వస్తుంది. చింతగింజల జిగురంటే పురుగుకు విందు, కాబట్టి పెట్టె పొడిగా ఉండాలి, అప్పుడప్పుడు తెరిచి చూసుకోవాలి. ఇక రాజు ముక్కలు నాలుగు ఏరి ఫ్రేము కట్టించి, మిగతావి విడిగా అమ్మేసే పద్ధతి ఒకటుంది. ఆ పని చేసే వ్యాపారి దగ్గర కొనకపోవడమే మేలు.

ఈ పేకల మీద రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ చేసిన పనిని 1982లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కేటలాగుగా వేసింది. సావంత్‌వాడిలో, బిష్ణుపూర్‌లో, రఘురాజ్‌పూర్‌లో ఇప్పటికీ గీస్తున్నారు. కొనేవాళ్లలో ఎక్కువమంది గోడకు తగిలించుకోవడానికే. కొన్నవారు ఒక్కసారైనా నియమాలు నేర్చుకుని ఆడి చూడండి, మొదటి పదిచేతులూ ఎలాగూ ఓడిపోతారు.