తిలిస్మ్ తెరచుకొనిన పిమ్మట

కథ ముగిసినదని రచయిత చెప్పిన పిమ్మట, ముగియలేదని పాఠకుడు పట్టుపట్టుట సాహిత్యమున క్రొత్త విషయము కాదు. ఆ పట్టుదలకు లొంగి రచయిత రెండవ భాగము వ్రాయును, మూడవది వ్రాయును. తుదకు, మొదటిదే మేలనియు, తక్కినవి క్రమముగా క్షీణించినవనియు అదే పాఠకుడు తీర్పు చెప్పును. ఒక గ్రంథమాలను మరియొకదానితో తూచి, ఇది గొప్పయా అది గొప్పయా అని వాదులాడుకొనుటయు ఈ తీర్పులో భాగమే. పండితులు ఈ వాదములను కాలక్షేపపు మాటలుగా త్రోసివేయుట పరిపాటి. అయితే వానిలో ఒక విమర్శసూత్రము దాగియున్నదా, లేక అవి కేవలము అభిమానుల ఆవేశమా అనునది ఆలోచింపదగిన ప్రశ్న. హిందీ సాహిత్యమున ఈ ప్రశ్నకు దేవకీనందన్ ఖత్రీ నవలలకన్న మంచి పరీక్షాస్థలము లేదు.

ఈ నవలలు కాశీలో పుట్టినవి. కాని వాని పాఠకుని ఎరుగవలెనన్న, బిలాస్‌పుర్ వంటి రైల్వే పట్టణమునకు పోవలెను. 1891లో బెంగాల్ నాగపుర రైల్వే ప్రధానమార్గము నాగపురము నుండి ఆసన్‌సోల్ వరకు పూర్తియైనది. బిలాస్‌పుర్ ఆ మార్గమున ఒక కూడలి. కట్నీ వైపు పోవు శాఖ అచ్చటనే చీలును. ఉత్తరాంధ్రము నుండి రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా అచ్చట కాపురమున్నవి. 2003 నుండి ఆ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయ స్థానము. ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కొలువులో హిందీయు ఇంగ్లీషును వినబడు ఊరది. ఇట్టి ఊరిలో పుస్తకము పండితుని సిఫారసుతో రాదు. ప్లాటుఫారము మీది అంగడిలో దొరకును. దొరకిన భాగము దొరకిన క్రమమున చదువబడును. తొమ్మిదవ భాగము చేతికందినవానికి ఎనిమిదవది ఎప్పటికైన దొరకునన్న నమ్మకము లేదు. అట్టి పాఠకుడు భాగమును భాగముతో పోల్చక మానడు. పోల్చుట అతనికి వ్యసనము కాదు, అవసరము.

మరియొక విశేషము కలదు. ఖత్రీ నవలలలో అద్భుతములకు నెలవైన చునార్, జమానియా అనునవి కల్పిత నగరములు కావు. రెండును రైలు ఆగు ఊళ్లే. పాఠకునకు మాయాస్థలములైన ఆ పేర్లు రైల్వే ఉద్యోగికి కాలపట్టికలోని స్టేషన్లు. ఎరిగిన ఊరి నేల క్రింద ఎరుగని లోకమున్నదని చెప్పుటయే ఈ కథల మొదటి ఆకర్షణము.

దేవకీనందన్ ఖత్రీ 1861లో జన్మించి 1913లో మరణించెను. కాశీరాజు ఏలుబడిలోని చకియా, నౌగఢ్ అడవులలో గుత్తేదారుగా తిరిగి, పాడుబడిన కోటలను, కొండలను, లోయలను కన్నులార చూచినవాడు. 1888లో ఆయన ‘చంద్రకాంత’ నాలుగు భాగములుగా వెలువడెను. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత పరస్పరము ప్రేమించిరి. వారికి క్రూరసింహుడును, చునార్ రాజు శివదత్తుడును అడ్డుపడిరి. ఇరుపక్షములను ఐయారులు కలరు. ఐయారు అనగా వేషము మార్చుట, మత్తు పెట్టుట, జాడ తీయుట, చెరనుండి తప్పించుట మున్నగు విద్యలు నేర్చిన రాజసేవకుడు. తిలిస్మ్ అనగా నిధిని కాపాడుటకు పూర్వులు కట్టిన చిక్కుల కట్టడము. ఎవరి పేర కట్టబడినదో వారికే అది తెరచుకొనును.

తెలుగు పాఠకునకు ఇచ్చట మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ స్మరణకు వచ్చును. అదియును పండ్రెండు భాగముల గ్రంథమే, అద్భుతముల గనియే. కాని మణిసిద్ధుడు గోపనికి మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును. ఒక కథ నచ్చకున్నను మరునాటి మజిలీ మిగిలియుండును. అచ్చట దైవబలము, మంత్రబలము, వరములు, శాపములు పనిచేయును. ఖత్రీ మార్గము వేరు. చునార్ తిలిస్మ్‌లో దగ్గరకు వచ్చిన మనిషిని నోరు తెరచి మ్రింగు రాతికొంగ కలదు. అది భూతము కాదు, మనుష్యుడు చేసిన యంత్రము. అద్భుతమెంత పెద్దదైనను దానివెనుక ఒక చేతిపనివాడున్నాడన్న మాటయే ఖత్రీ పాఠకునితో చేసికొన్న ఒప్పందము. వైజ్ఞానిక కల్పనకు హిందీలో పునాది పడినది ఈ ఒప్పందము మీదనే.

‘చంద్రకాంత’ పొందిన ఆదరణము వలన ‘చంద్రకాంతా సంతతి’ 1894లో ప్రారంభమై 1905 నాటికి ఇరువది నాలుగు భాగములైనది. ఈ నడుమనే పోటీదారులును బయలుదేరిరి. 1900లో గోపాలరామ్ గహ్మరీ తన స్వగ్రామమగు గహ్మర్ నుండి ‘జాసూస్’ అను మాసపత్రికను నెలకొల్పి అపరాధ పరిశోధన కథలను ప్రచురించెను. ఐయారు రాజునకు సేవకుడు. జాసూసు చట్టమునకు సేవకుడు. ఒకడు వేషము మార్చును, మరియొకడు ఆధారము వెదకును. తిలిస్మ్ గొప్పయా, జాసూసు గొప్పయా అన్న ప్రశ్న నాటిపాఠకునకు సహజముగా ఎదురైన ప్రశ్న. అది రెండు కథారీతుల నడుమనే గాక, రెండు కాలముల నడుమ ఎన్నుకొనుట కూడ.

అదే 1900 జనవరిలో, అప్పటి బిలాస్‌పుర్ జిల్లాలోని పెండ్రా నుండి మాధవరావు సప్రే ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ అను పత్రికను వెలువరించెను. మూడు సంవత్సరములే జీవించిన ఆ పత్రిక పుస్తక సమీక్షకు గౌరవస్థానమిచ్చెను. హిందీ విమర్శ తన కాళ్లపై నిలువ నేర్చుకొనిన చోట్లలో పెండ్రా ఒకటి. బిలాస్‌పుర్ నుండి కట్నీ పోవు శాఖ మీదనే పెండ్రా రోడ్ స్టేషను కలదు. ఒకే సంవత్సరమున గహ్మర్ నుండి పాఠకుని ఉత్కంఠయు, పెండ్రా నుండి విమర్శకుని వివేకమును బయలుదేరినవి. దురదృష్టవశమున అవి రెండును చాలకాలము ఒకదానినొకటి పలుకరించుకొనలేదు.

ఆచార్య రామచంద్ర శుక్ల 1929 నాటి తన హిందీ సాహిత్య చరిత్రలో ఖత్రీకి రెండు తీర్పులు చెప్పెను. ఆయన వలన హిందీకి కలిగినంతమంది పాఠకులు మరియొకరి వలన కలుగలేదనియు, ఉర్దూ మాత్రమే తెలిసిన ఎందరో ఈ నవలలు చదువుటకై హిందీ నేర్చిరనియు అంగీకరించెను. అయితే ఇవి ఘటనావైచిత్రికై వ్రాసినవి గాని రససంచారమునకో చరిత్రచిత్రణకో వ్రాసినవి కావనియు, కావున సాహిత్యకోటిలో చేరవనియు నిర్ణయించెను. మొదటి తీర్పును ఎవ్వరును కాదనరు. రెండవదానిని ‘సంతతి’ చదివిన పాఠకుడు పూర్తిగా ఒప్పుకొనలేడు. దానికి కారణము భూతనాథుడు.

‘సంతతి’లో వీరేంద్రసింహుని కుమారులు ఇంద్రజిత్ సింహుడు, ఆనంద సింహుడు జమానియా తిలిస్మ్‌లో ద్వారము వెంట ద్వారము తెరచుచు పోవుదురు. ‘చంద్రకాంత’లో తిలిస్మ్ ఒక్కటే, దానిని ఛేదించుటకు కారణమును ఒక్కటే: లోపల చిక్కిన రాకుమారి. ఆశ్చర్యము కోరికతో ముడిపడియుండెను. ‘సంతతి’లో ద్వారములు పెరిగినవి, కోరిక పలుచబడినది. పదియవ గది తెరచుకొనునప్పటికి పాఠకుడు గదిని చూచి కాక, ఇంకను ఎన్ని గదులున్నవో అని ఆశ్చర్యపడును. అనంతరభాగములు క్షీణించుటకు మొదటి కారణమిది. కల్పన ఎండిపోవుట వలన క్షీణత కలుగలేదు. కల్పన పొంగిపొరలినది, కాని దానిని మోయవలసిన మనుష్యప్రయోజనము దానితోపాటు పెరుగలేదు.

రెండవ కారణము సంజాయిషీ. ఖత్రీ తన అధ్యాయములను ‘బయాన్’ లనెను, అనగా వాంగ్మూలములు. మొదట ఆ పేరు కథ చెప్పుటకు సంకేతము మాత్రమే. తుదిభాగములలో అది నిజముగనే వాంగ్మూలమైనది. ముసుగు ధరించినవారు దర్బారునకు వచ్చి గతమును విప్పుదురు. ఒక్కొక్కరు తమ పూర్వకథను చెప్పుకొందురు. ముందుభాగములలో వేసిన ముడులన్నియు విప్పవలెను గనుక కథ ముందునకు నడచుట మాని వెనుకకు చూచుట మొదలిడును. ఒప్పందమును చెల్లించు నిజాయితీ అందు కలదు. అయినను చెల్లింపు పెరిగినకొలది కథ తరుగును.

కాని ఆ దర్బారులోనే ‘సంతతి’ యొక్క నిజమైన విజయమును కలదు. భూతనాథుడనబడు గదాధర్ సింహుడు ఐయారులలో దిట్ట; తన పాతపాపము ఎప్పుడు బయటపడునో అని భయపడుచు తిరుగువాడు. పేరు వినినంతనే పాలిపోవును. మంచిపని చేయబూనిన ప్రతిమారు గతము వచ్చి చేయి పట్టుకొనును. ‘చంద్రకాంత’లో మంచివారు మంచివారు, దుర్మార్గులు దుర్మార్గులు. ఈ మనిషి ఆ రెండు పట్టికలలోను ఇముడడు. తిలిస్మ్‌లన్నియు రాతితో కట్టినవి. ఇతని తిలిస్మ్ అతని మనస్సులోనే యున్నది, దాని తాళపుచెవి అతని యొద్ద లేదు. చరిత్రచిత్రణ లేదన్న ఆక్షేపణకు ఈ ఒక్క పాత్ర సమాధానము. కావున అనంతరభాగమును తూచుటకు సరియైన తూనిక రాయి ఇది: మొదటి భాగమునకు తెలియని దేనిని రెండవది తెలిసికొన్నది? ఎన్ని గదులు హెచ్చినవన్నది లెక్క కాదు.

పాఠకులు భూతనాథుని కోరిరి. ఖత్రీ అతని పేరనే మరియొక మాల ప్రారంభించి, అతని పూర్వకథను మొదటి నుండి చెప్పబూనెను. ఆరు భాగములైన పిమ్మట ఆయన మరణించెను. కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ దానిని ఇరువది యొక్క భాగములకు పూర్తిచేసెను. తండ్రి కలము ఎచ్చట ఆగినది, కొడుకు కలము ఎచ్చట సాగినది అని అతుకు వెదకుట పాఠకులకు వినోదమే. అసలు చిక్కు అతుకులో లేదు. భూతనాథుని బలము అతని గతము నీడలో నుండుటయే. నీడను పూర్తిగా వెలుగులోనికి తెచ్చిన పిమ్మట మిగులునది సంఘటనల పట్టిక.

దుర్గాప్రసాద్ తండ్రికి చేసిన సేవ ‘భూతనాథ్’ పూర్తిచేయుట యొక్కటే కాదు. ‘రక్తమండల్’, ‘సఫేద్ శైతాన్’ వంటి తన నవలలలో ఆయన తండ్రి పాత్రలను విడిచి తండ్రి సూత్రమును గ్రహించెను. అద్భుతము మనుష్యుని చేతిపనియే యన్న సూత్రమది. తిలిస్మ్ స్థానమున ప్రయోగశాల, ఐయారు స్థానమున రహస్యసంఘపు విప్లవకారుడు, నిధి స్థానమున దేశ స్వాతంత్ర్యము వచ్చినవి. శాస్త్రజ్ఞుల క్రొత్త ఆయుధములు పరపాలనపై ఎక్కుపెట్టబడినవి. వంశము రెండు విధముల నిలుచును: పేరు నిలుపుకొనుట ఒకటి, గుణము నిలుపుకొనుట మరియొకటి. ‘చంద్రకాంత’కు పేరు నిలిపినది ‘భూతనాథ్’; గుణము నిలిపినది ‘రక్తమండల్’.

ఇది ఒక్క హిందీకి చెందిన వృత్తాంతము కాదు. అమెరికాలో 1966లో టెలివిజనుపై ప్రారంభమైన ‘స్టార్ ట్రెక్’, 1977లో చలనచిత్రముగా వచ్చిన ‘స్టార్ వార్స్’ అభిమానుల నడుమ నేటికిని ఇదే వాదము నడచుచున్నది. ‘స్టార్ వార్స్’లో నల్లని ముసుగు ధరించిన డార్త్ వేడర్ భూతనాథుని వంటివాడే, గతము నీడలో నున్నంతకాలము అతడు భయంకరుడు, కరుణాస్పదుడు. 1999 నుండి 2005 వరకు వచ్చిన మూడు చిత్రములు అతని బాల్యము మొదలు పతనము వరకు చూపెను. అభిమానులలో ఎందరో నిరాశపడిరి. ‘స్టార్ ట్రెక్’ 1987లో పాత నావికులను విడిచి, క్రొత్తవారితో, అన్వేషణమన్న పాత సూత్రముతో మరల ప్రారంభమై నిలిచెను. ఒకటి పాత్రకు వారసత్వము, మరియొకటి సూత్రమునకు వారసత్వము. కాశీలో తండ్రికొడుకులు ఈ రెండు మార్గములను అంతకు చాలముందే నడచి చూపిరి.

1994లో దూరదర్శన్‌లో ‘చంద్రకాంత’ ధారావాహికగా వచ్చినప్పుడు గ్రంథమున లేని పాత్రలు, సంఘటనలు అనేకము చేరినవి. పుస్తకమెరుగని బాలురు క్రూరసింహుని చూచి సంతోషించిరి; పుస్తకమెరిగిన పెద్దలు ఇది మా చంద్రకాంత కాదనిరి. ఆ మాటను వృద్ధుల చాదస్తమని కొట్టివేయరాదు. తన యౌవనమున తాను నమ్మిన ఒప్పందమును మరియొకరు మీరిరన్న బాధ అందు కలదు.

పాఠకుని తీర్పు అన్ని వేళల సరియైనది కాదు. అతడు తరచు పరిమాణమునకు మోసపోవును. తనకు ప్రియమైన పాత్రను తానే అడిగి తెప్పించుకొని, వచ్చిన పిమ్మట నిందించును. ఆ నిందలో తన పాలును కలదని అతడు ఒప్పుకొనడు. అయినను బిలాస్‌పుర్ ప్లాటుఫారము మీద ఒక భాగము చేతబట్టి, ఇంతకు ముందుదానిలో ఉన్నదేదో దీనిలో లేదే అని గ్రహించిన మనిషి విమర్శకు ద్వారము వద్ద నిలిచియున్నాడు. ఆ ‘ఏదో’కు పేరు పెట్టుట విమర్శకుని పని. శుక్లగారు ఈ నవలలలో లేనిదానిని చక్కగా చెప్పిరి; పాఠకుడు వానిలో ఉండి పోయినదానిని ఎరిగెను. ఈ రెండు ఎరుకలు కలిసినప్పుడే ఖత్రీకి న్యాయము జరుగును. హిందీకి పాఠకులను ఇచ్చిన రచయితకు ఆ పాఠకుల మాటయే సాక్ష్యము కాకుండుట తగదు.