కత్తిరింపు రోజు

మార్చి రెండో వారం. న్యూజెర్సీలో మా పెరటి మూలల్లో మంచు ఇంకా కరగలేదు. కత్తెర పట్టుకుని ద్రాక్ష పందిరి కింద నిలబడ్డాను. పదేళ్లుగా చేస్తున్న పనే. అయినా మొదటి కోతకి చెయ్యి ఆడదు. నిరుడు పెరిగిన తీగలో పదింట తొమ్మిది వంతులు కొట్టెయ్యాలి మరి!

నిరుటి పుల్లల మొగ్గల్లోంచి ఈ ఏడు వచ్చే చిగుళ్లకే కాపు. మొదట్లో జాలిపడి వదిలేశాను. పందిరి నిండా ఆకులు, పిట్టలకి కూడా చాలని కాయ. హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఇక్కడ తీగని చలే నిద్రపుచ్చుతుంది కాబట్టి ఒక్కటి చాలు.

నాది కాంకర్డ్ రకం. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తిని పెరిగిన నోటికి మొదట వింతగా ఉంటుంది. నొక్కగానే తోలు ఊడి చేతిలో మిగులుతుంది, గుజ్జు గోళీలా గొంతులోకి జారుతుంది. మన ద్రాక్షకి రెండు కణుపులకి నులితీగో గుత్తో వస్తే మూడోది ఖాళీ. కాంకర్డ్‌కి తల్లి అయిన ఇక్కడి అడవి ద్రాక్షకి కణుపు కణుపుకీ వస్తుంది. నా తీగకీ ఆ తల్లి బుద్ధి చాలానే ఉంది, దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది.

మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో బంగారాన్ని రేకులుగా సాగగొట్టే ఎఫ్రాయిమ్ బుల్ 1849లో ఎంచిన తీగ ఇది. చలి పడకముందే పండే ద్రాక్ష కోసం అడవి గింజలు నాటాడు. జీవితకాలంలో 22 వేలకు పైగా మొక్కలు పెంచి చూశాడట. 1853లో గుత్తులు ప్రదర్శనకి పెట్టాడు, ఆ తర్వాత మొక్క అయిదు డాలర్లకి అమ్మాడు. కొన్నవాళ్లు పుల్లలు కోసి, పాతి, తామే అమ్ముకున్నారు. ద్రాక్షకి పుల్ల పాతితే చాలు కదా! ఆయన 1895లో పేదవాడిగానే పోయాడు. తను విత్తితే ఇతరులు కోసుకున్నారని సమాధి మీద చెక్కించారు. మొక్కలకి పేటెంటు చట్టం వచ్చింది 1930లో. మరుసటేడు మొదటి పేటెంటు దక్కింది కూడా పాకే మొక్కకే, ఓ గులాబీకి.

"అన్నయ్యగారూ, ఆ పుల్లలు పారేస్తున్నారా? నాకో నాలుగివ్వరూ?" కంచె అవతల పక్కింటావిడ.

పెన్సిలంత లావువి ఏరాను. మూడేసి మొగ్గలుంచి, కింద తిన్నగా, పైన ఏటవాలుగా కోసి, తడి కాగితంలో చుట్టాను.

"వీటికేమైనా ఇవ్వాలా?" నవ్వింది.

"బుల్ గారికి ఇరవై డాలర్లు."

అర్థం కాక చూసింది.

"ఏటవాలు వైపు పైకి, తలకిందులుగా పాతకమ్మా," అన్నాను.