పేరు మోసినవారు, పేరు పోయినవారు

మన రాజపాళయంలో ఏ సభ జరిగినా వక్తను పరిచయం చేసేవారి నోట మొదట వచ్చే మాట ‘ఫేమస్’. ఫేమస్ డాక్టరు, ఫేమస్ వకీలు, ఫేమస్ మిల్లు యజమాని. శుభలేఖల్లోకీ స్మారక సంచికల్లోకీ వస్తే దాని అన్నదమ్ములు కూడా తోడవుతారు: ఎమినెంట్, రెనౌన్డ్, రెప్యూటెడ్. ఈ మధ్య లెజెండరీ కూడా వచ్చి చేరింది. ఇంగ్లీషు మాట వాడడం మీద నాకు కోపం లేదు. బస్సు, బల్బు, మిల్లు అనకుండా మనకు పొద్దు గడవదు. ఈ విశేషణాల సంగతి వేరు. వీటితో మనం ఒక మనిషి మీద తీర్పు చెబుతున్నాం. తీర్పు చెప్పేవాడికి తన నోటి మాట బరువు తెలిసి ఉండాలి కదా!

ముందు ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో వీటి స్థితి చూద్దాం. ‘ఫేమస్’కు మూలం లాటిన్‌లోని ‘ఫామా’, అంటే జనం చెప్పుకునే మాట. మన ‘ప్రఖ్యాతి’లో ఉన్న ధాతువుకూ చెప్పడమనే అర్థం. ఆ ఇద్దరూ చుట్టాలే అనుకోవచ్చు. ‘నొటోరియస్’ మొదట్లో ‘అందరికీ తెలిసిన’ అన్నంత వరకే. రానురాను చెడ్డపేరుకే అంటుకుపోయింది. ‘ఎగ్రీజియస్’ కథ ఇంకా విచిత్రం. మందలోంచి విడిగా నిలిచినవాడు అనే పొగడ్త అది ఒకప్పుడు. ఇప్పుడు ఘోరమైన తప్పును చెప్పడానికి వాడతారు. ‘ఇన్‌ఫేమస్’ అంటే ఫేమస్ కానివాడని అర్థం చెప్పే విద్యార్థులు మన బడుల్లో కొల్లలు. పేరు లేకపోవడానికీ చెడ్డపేరు ఉండడానికీ ఎంత దూరం! ఇక మన ఉద్యోగ ప్రకటనలకు ప్రాణమైన ‘రెప్యూటెడ్’ ఉంది. మన దేశంలో దానికి ‘మంచి పేరున్న’ అనే అర్థం స్థిరపడింది. ఇంగ్లండులో మాత్రం ‘అలా అని చెప్పుకుంటున్నారు’ అనే అనుమానపు నీడ దాని వెంట ఉంటుంది. వాళ్ళ ‘రెప్యూటెడ్ ఫాదర్’ పేరున్న తండ్రి కాడు, తండ్రి అని లోకం అనుకుంటున్నవాడు. ఈ మాటను స్వర్గస్థులైన పెద్దల ఫోటో కింద అచ్చు వేయించే ముందు ఒక్క క్షణం ఆగడం మంచిది.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఇంటి తెలుగు తమిళం మధ్య పెరిగింది. తమిళంలో ‘పేర్ పోన’ అంటే ప్రసిద్ధికెక్కిన. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి ‘పేరు పోయిన డాక్టరు’ అంటే, ఆంధ్ర పత్రికలు చదివేవాడు పాపం ఆ డాక్టరు పరువు పోయిందనుకుంటాడు. తమిళులు ‘పిరబల’ అన్నా ప్రసిద్ధుడనే అర్థం. మనం ‘ప్రబలమైన డాక్టరు’ అంటే తెలుగు చెవికి కలరా ప్రబలినట్టు వినిపిస్తుంది. ఈ రెండు గోతుల మధ్య నడవలేకనే మనవాళ్ళు ‘ఫేమస్’ను పట్టుకున్నారని నా ఊహ. అది ఎవరికీ తప్పుగా వినబడదు. కాని అది చెప్పేది కూడా ఏమీ లేదు.

తెలుగు పలుకుబడి దగ్గర అలా తప్పించుకోలేం. ఇక్కడ ‘పేరు’ పక్కన ఎప్పుడూ ఒక క్రియ ఉంటుంది. పేరు తెచ్చుకున్నవాడు, పేరు పడినవాడు, తండ్రి పేరు నిలబెట్టినవాడు, పేరు చెడగొట్టుకున్నవాడు. పెద్దల్ని ఎన్నేటప్పుడు లెక్కలోకి వచ్చినవాడు పేరెన్నికగన్నవాడు. ‘పేరు మోసిన’ మాత్రం కొంచెం ప్రమాదకరమైన మాట. వైద్యుడి ముందూ పెడతారు, దొంగ ముందూ పెడతారు, పత్రికల్లో దొంగకే ఎక్కువ. అయినా ఏ మాట తీసుకున్నా ‘ఎలా?’ అనే ప్రశ్న వెంటనే పుడుతుంది. ఎలా తెచ్చుకున్నాడు? ఏం చేసి నిలబెట్టాడు?

ఈ ప్రశ్న అడగని రాత మనకు ఎంత నష్టం చేసిందో చెప్పడానికి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు చాలు. ఆయన్ని గురించి ఇంగ్లీషులోనూ, ఇంగ్లీషు విశేషణాలతో తెలుగులోనూ వచ్చే పరిచయాలన్నీ ‘ఎమినెంట్ లీడర్’ దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. అది చదివిన కుర్రవాడికి ఏం తెలుస్తుంది? 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర పాలన ఈ ఊరి మనిషి చేతిలో ఉంది. ఆంధ్ర విభజన కోసం 1949లో ఏర్పడిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. మద్రాసు నగరం విషయంలో ఆ సంఘంలోనే ప్రకాశం పంతులు గారు విడిగా భిన్నాభిప్రాయం రాశారు. తెలుగు ఇంట పుట్టి తమిళ దేశంలో రాజకీయం చేసిన మనిషికి ఆ కుర్చీ ఎంత ఇరుకై ఉంటుంది! 1952 ఎన్నికల్లో ఆయన స్వయంగా ఓడిపోయారు. తరవాత ఒరిస్సా గవర్నరుగా వెళ్ళారు. సొంత ఇంటిని ఊళ్ళోని గాంధీ కలై మన్రానికి ఇచ్చేశారు. ఇందులో మెచ్చుకోవలసినదీ ఉంది, వాదించవలసినదీ ఉంది. ‘ఎమినెంట్’ ఆ రెంటినీ ఒక్క దుప్పటి కింద కప్పేసింది.

ప్రకాశం గారికి ఆ గతి పట్టలేదు. ‘ఆంధ్రకేసరి’ అనగానే 1928, సైమన్ కమిషన్, మద్రాసు వీధి, తుపాకి ముందు తెరిచిన రొమ్ము కళ్ళకు కడతాయి. బిరుదు ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఆ మాటలోనే ఉంది. మన బిరుదులన్నీ అలాంటివని నేను అనను. సన్మానాల్లో శాలువాతో పాటు పంచే ‘కవిరత్న’లకు ‘ఫేమస్’ పాటి అర్థం కూడా ఉండదు.

ఇంతకీ మన ఊరి పేరు దేశమంతా తెలిసింది ఎవరి వల్ల అంటే, చాలామంది బయటివాళ్ళు చెప్పేది మన తెల్ల వేటకుక్క పేరే. 2005లో దానికి తపాలా బిళ్ళ కూడా వేశారు. ఎందుకు పేరొచ్చిందని అడిగితే ఎవరైనా చెప్పగలరు: వేట, కాపలా, యజమాని మీద విశ్వాసం. మనుషుల గురించి రాసేటప్పుడు మనం అంతపాటి వివరమూ ఇవ్వడం లేదు.

స్మారక సంచికల సంపాదకులకు ఒక మనవి. ‘రెనౌన్డ్ ఇండస్ట్రియలిస్ట్’ అని రాసి పంపిన వ్యాసం వస్తే, ఆ రెండు మాటలు కొట్టేసి రచయితకు తిప్పి పంపండి. పి.ఏ.సి. రామస్వామి రాజా గారి గురించైతే ‘1936లో రాజపాళయం మిల్స్ స్థాపించినవారు’ అని రాయమనండి. ఆ మిల్లులో నూలు వడికినవారి గురించి కూడా నాలుగు వాక్యాలు అడగండి. వారి పేర్లు ఇంకా ఏ సంచికకూ ఎక్కలేదు.