జన్మపాపం, కృప, విశ్వాసం: సత్తెనపల్లి ప్రాంతపు లూథరన్ బోధపై ఒక పరిశీలన

సత్తెనపల్లి చుట్టుపక్కల పత్తి, మిరప పండించే పల్లెల్లో ముస్లిములూ క్రైస్తవులూ తరతరాలుగా ఇరుగుపొరుగున కాపురముంటున్నారు. ఒకే చేలో పత్తి తీస్తారు. ఒకే కళ్లంలో మిరపకాయలు ఏరుతారు. అయినా ఒకరి మతాన్ని గురించి మరొకరికి తెలిసింది బహు స్వల్పం. “ఏసును నమ్మితే చాలు, ఆ తర్వాత ఏం చేసినా ఫరవాలేదంటారు వాళ్ళు” అని ముస్లిం అనుకుంటాడు. “వీళ్ళు నమాజులూ రోజాలూ లెక్కపెట్టి స్వర్గాన్ని కొనుక్కోవాలని చూస్తారు” అని క్రైస్తవుడు అనుకుంటాడు. రెండూ పొరపాటు అభిప్రాయాలే. ఎదుటివాడు చెప్పని మాటను ఖండించడం సులభమే గాని దానివల్ల సత్యం తేలదు.

ఈ ప్రాంతంలోని క్రైస్తవులలో లూథరన్ సంఘీయులు చాలామంది. అమెరికా నుండి వచ్చిన ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. 1849లో పల్నాటి గురజాలకు వెళ్ళాడు. ఆ మిషన్ కృషి ఫలితంగానే 1927లో ఆంధ్ర ఎవాంజిలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. దాని బోధకు ఆధారం జర్మనీ దేశపు మార్టిన్ లూథర్ 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరి, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం.

ఆ బోధ సారాంశమిది: ఆదాము పతనంతో మానవ స్వభావమే చెడిపోయింది. మనిషి పాపిగానే పుడుతున్నాడు. తన శక్తితో దేవుణ్ణి నమ్మడం సైతం అతనికి సాధ్యం కాదు. క్రీస్తు సిలువపై అతని బదులు మరణించాడు గనుక, ఆ సంగతి నమ్మినవానిని దేవుడు ఉచితంగా నీతిమంతుడుగా తీరుస్తాడు. సత్కార్యాలు రక్షణకు మూల్యం కావు. రక్షింపబడినవాని జీవితంలో కాసే పండ్లు. ప్రశ్నోత్తరి మొట్టమొదట నేర్పేది పది ఆజ్ఞలనే. కాబట్టి ‘నమ్మి, ఇష్టం వచ్చినట్లు బ్రతకండి’ అని లూథరన్లు బోధిస్తున్నారనడం అన్యాయం.

అసలు విమర్శ వేరేచోట ప్రారంభం కావాలి. రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయం 28వ వచనాన్ని జర్మన్ భాషలోకి తెచ్చినప్పుడు లూథర్, గ్రీకు మూలంలో లేని ‘మాత్రమే’ అనే మాట చేర్చాడు. భాషా సంప్రదాయం దాన్ని కోరుతోందని 1530లో సమర్థించుకున్నాడు కూడా. తెలుగు బైబిలులో ఆ పని ‘వలననే’ అన్నచోట ఒక్క ‘నే’ చేస్తున్నది. అదే వచనంలో పౌలు కాదన్నది ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలను. సున్నతి మొదలైన యూదుల విధులు అన్యజాతులకు అవసరమా అన్నది ఆనాటి వివాదం. మన పల్లెలోని శ్రోతకు మాత్రం ‘క్రియలు’ అనగానే ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నం వంటి పుణ్యకార్యాలే స్ఫురిస్తాయి. విశ్వాసం మాత్రమే చాలదని స్పష్టంగా చెప్పే యాకోబు పత్రిక అదే బైబిలులో ఉంది. లూథర్ 1522లో దానిని గడ్డిపరకతో పోల్చి తక్కువ చేశాడు.

జన్మపాపానికి ఆధారంగా చూపే రోమీయుల పత్రిక ఐదవ అధ్యాయం 12వ వచనం సంగతి మరింత గమనించదగినది. లాటిన్ అనువాదంలో అందరూ ఆదాములోనే పాపం చేశారని అర్థం వచ్చింది. అగస్టీను వాదం దాని మీద బలపడింది. తెలుగు అనువాదమో, గ్రీకును అనుసరించి, మనుష్యులందరూ పాపం చేసినందున మరణం అందరికీ వచ్చిందని చెబుతుంది. ఎవరి పాపం వారిదే అన్న భావమే అక్కడ కనిపిస్తుంది. తూర్పు దేశపు ఆర్థొడాక్స్ సంఘాలు నేటికీ ఆదాము అపరాధం సంతానానికి సంక్రమిస్తుందని ఒప్పుకోవు. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదవ అధ్యాయం చాటుతున్నది. ఒకరి భారాన్ని మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ (53:38) ప్రకటించింది ఈ సత్యాన్నే. హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) పశ్చాత్తాపపడితే అల్లాహ్ స్వీకరించాడు (2:37). నడుమ ఏ బలీ లేదు. లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలో తప్పిపోయి తిరిగివచ్చిన కొడుకును తండ్రి క్షమించిన తీరు కూడా ఇదే కదా! అక్కడ నిర్దోషియైన మరొక కొడుకును శిక్షించిన తర్వాత క్షమించలేదు.

మరి ఈ బోధ తెలుగు దేశంలో ఇంతమందిని ఎలా ఆకర్షించింది? ‘కరువుకాలపు గంజి’ అని తేలికగా తీసిపారేసేవారున్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరాన వేలంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిప్పించిన మాట నిజం, అది కరువు వెన్నంటి వచ్చిన మాటా నిజం. అయినా గంజి మాట సగమే. మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టినవానికి లోకం చెప్పింది ఒక్కటే: నీ హీనజన్మ నీ పూర్వజన్మ పాపఫలం, అనుభవించు. అట్టివానికి ‘నీ యోగ్యతతో పనిలేదు, దేవుడు నిన్ను ఊరకనే ప్రేమించాడు’ అన్న మాట ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. విచారకరమైన విషయమేమిటంటే, పుట్టుకకు అంటిన ఒక మచ్చను చెరిపిన చేయే మరొక మచ్చను అంటించింది. వెనకటిది తన పూర్వజన్మది, ఇప్పటిది ఆదాముది. ఉయ్యాలలోని పసికందు రెండు లెక్కల్లోనూ దోషే. లూథరన్ సంఘం శిశువులకే బాప్తిస్మమివ్వడంలో ఈ భావం ఇమిడి ఉంది. ప్రతి శిశువూ ఫిత్రత్ (సహజ స్వచ్ఛత) పైనే పుడుతుందన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రవచనం; బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ముస్లిం ఇంట బిడ్డ చెవిలో అజాన్ చెప్పేది పాపం కడగడానికి కాదు.

ఇక కృప విషయం. ఇందులో ముస్లిములు గర్వించడానికేమీ లేదు. ఎవరూ కేవలం తన కర్మలతో స్వర్గం చేరడని, అల్లాహ్ కారుణ్యం కప్పనిదే తానైనా చేరలేనని ప్రవక్త (స) సహచరులకు చెప్పారు. ఇదీ ఆ రెండు గ్రంథాలలో ఉన్నదే. కర్మలు లెక్కపెట్టుకునే ముస్లింను గురించి క్రైస్తవుడు చేసే ఆక్షేపణకు జవాబు ఇదే హదీసు. ఆ ముస్లింకు హెచ్చరికా ఇదే. తేడా కారుణ్యం ఉందా లేదా అన్నది కాదు. ఆ కారుణ్యానికి సిలువ అవసరమా, దాసుని పశ్చాత్తాపం చాలదా అన్నదే. పాపం చేసి తమకు తామే అన్యాయం చేసుకున్నవారిని సైతం నిరాశపడవద్దన్న 39:53 ఆయతులో మధ్యవర్తి ప్రసక్తి లేదు.

పుట్టుకతో మచ్చ లేదన్న మాటను మాలపల్లెకు చెప్పబోయే ముందు ముస్లిములు చూసుకోవలసిన గుమ్మం ఒకటుంది. గుంటూరు సీమలో పత్తి ఏకి జీవించిన దూదేకుల (నూర్‌బాషా) కుటుంబాలు కలిమా చదివినవే, తెలుగు మాట్లాడేవే. వారితో పెళ్ళి సంబంధం అనగానే ముఖం తిప్పుకునే ఉర్దూ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 49:13 ఆయతు ఆ ఇళ్ళలోనూ పారాయణం అవుతూనే ఉంది.