జానెట్ ఆర్నాల్డ్ గ్రాఫ్ కాగితం

ఇంగ్లాండులో ఉంటున్న మా మేనకోడలు రెండేళ్ల కిందట, తాను కుట్టిన గౌను ఒకటి నా చేతిలో పెట్టింది. 1770ల్లో అక్కడి ఆడవాళ్లు వేసుకున్న తరహా. వెనక నడుము మీదికి దిగిన కుచ్చిళ్లు చూసి నేను మురిసిపోతుంటే, "అది కాదత్తా, తిరగేసి చూడు" అంది. తిరగేశాను. నడుము దగ్గర చీమలు బారు కట్టినట్టు సన్నటి చేతికుట్టు. కింద పావడా అతుకుల్లో మాత్రం సాగదీసిన పొడుగు కుట్టు. ఓపిక అయిపోయిందేమో అనుకున్నాను. కాదు, అది ఆ కాలపు తెలివి.

ఆ రోజుల్లో పట్టుకు ఖరీదెక్కువ, కుట్టుకూలి తక్కువ. మగ్గం మీద పన్నా సుమారు 20 అంగుళాలే. అందుకని పావడా గుడ్డను కత్తిరించకుండా పన్నాకు పన్నా అతికి, నడుము దగ్గర కుచ్చిళ్లు పెట్టేవారు. నాలుగేళ్లకు ఫ్యాషన్ మారితే దారం లాగేస్తే చాలు, గుడ్డ గుడ్డగానే చేతికొస్తుంది. మళ్లీ కొత్త గౌను. మన చీర తెలిసినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

ఇది మా పిల్లకు ఎలా తెలిసిందంటే, దుస్తుల చరిత్రకారిణి జానెట్ ఆర్నాల్డ్ వల్ల. ఆవిడ పేరు తలుచుకుంటేనే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మ్యూజియాల్లో అద్దాల వెనక నిలబెట్టిన గౌన్ల ముందు అందరూ ఆహా అని వెళ్లిపోతుంటే, ఆవిడ టేపు, పెన్సిలు పట్టుకుని ఒక్కో అతుకూ కొలిచింది. ఆ కొలతల్ని గ్రాఫ్ కాగితం మీద ఎనిమిదో వంతుకు కుదించి గీసింది. అలా వచ్చిన పుస్తకం 'ప్యాటర్న్స్ ఆఫ్ ఫ్యాషన్' మొదటి సంపుటం 1964లో, రెండోది 1966లో వచ్చాయి. 1985లో వచ్చిన మూడో సంపుటంలో, 1562లో చనిపోయిన ఫ్లోరెన్స్ డచెస్ ఎలియనోరా డి టొలెడోను సమాధి చేసినప్పుడు తొడిగిన గౌను కత్తిరింపు కూడా ఉంది. ఫ్లోరెన్స్‌లో శిథిలమైన పట్టు పేలికల నుంచి ఒక రాణివాసపు దుస్తుల కొలతలు రాబట్టడమంటే మాటలా! దుస్తుల కత్తిరింపు మీద నోరా వా రాసిన పుస్తకాలూ గొప్పవే, 1580లో మాడ్రిడ్‌లో అచ్చయిన హువాన్ దె అల్సెగా దర్జీ పుస్తకమూ గొప్పదే. నా ఓటు మాత్రం ఆర్నాల్డ్‌కే. కుట్టేవాళ్ల చేతికి అందేలా రాసిందావిడ.

ఇలాంటి గౌను ఇంట్లో కుట్టాలంటే పని మొదలయ్యేది గౌనుతో కాదు. ముందు లినెన్ లోచొక్కా. అదంతా నలుచదరాలు, త్రికోణాలే, గుడ్డముక్క ఒక్కటి వృథా పోదు. చంక కింద చదరపు ముక్క వేస్తారు, మన పాతకాలపు లాల్చీల్లో లాగే. దాని మీద స్టేస్ అనే బిగుతు రవిక. పూర్వం అందులో తిమింగలం నోట్లోని ఈనెలు పెట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ ఈనెలు దొరుకుతున్నాయి. తాడు దూరే కన్నాలకు ఇనుప రింగులు కొట్టకూడదు. గుడ్డను కొయ్యకుండా, దబ్బనంతో పోగుల్ని పక్కకు జరిపి కన్నం చేసి, చుట్టూ దారంతో కుట్టాలి. పోగు తెగదు కాబట్టి లాగినా అంత తేలిగ్గా చిరగదు. స్టేస్ తొడుక్కున్నాకే గౌను అస్తరును ఒంటి మీద సరిచూసి, దాని మీద పట్టును మడతలు పెట్టి గుండుసూదులు గుచ్చుతూ కుడతారు. లోపలిది సరిగా లేకపోతే పైది ఎంత ఖరీదైనా గోనెసంచే.

ఈ పనికి పట్టాభిషేకం దుస్తుల రూపకర్త జెన్నీ తిరమాని చేసింది. లండన్ గ్లోబ్ రంగస్థలానికి షేక్‌స్పియర్ కాలపు దుస్తుల్ని ఆనాటి పద్ధతిలోనే చేయించింది. 'ట్వెల్ఫ్త్ నైట్' నాటకం దుస్తులకు 2014లో టోనీ అవార్డు అందుకుంది. ఆర్నాల్డ్ 1998లో కన్నుమూశాక, ఆవిడ పూర్తి చెయ్యని నాలుగో సంపుటాన్ని 2008లో బయటికి తెచ్చినవాళ్లలోనూ ఈమె ఉంది. గురువు రుణం అలా తీర్చుకోవాలి.

అప్పటి యూరప్ గౌన్లలో మన గుడ్డ కూడా ఉంది. బందరు నుంచి, కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకాల కోసం అక్కడివాళ్లు ఎంత ఎగబడ్డారంటే, తమ నేతగాళ్లను కాపాడుకోడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లాండు 1721లో వాటిని నిషేధించాయి. మన చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకూ వెలవలేదు.

ఇక ఇప్పుడు అమ్ముతున్నదేమిటి? వెనక జిప్పు, నడుముకు ఎలాస్టిక్, జారిపోయే పాలియెస్టర్, దానికి 'విక్టోరియన్ గౌను' అని పేరు! ఒక దుకాణంలో నాకు పాలియెస్టర్ మీద అచ్చేసిన పూలు చూపించి కలంకారీ అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఇది చవక వస్తువు కాదు, అబద్ధం. మిషనంటే నాకేం పగ లేదు, 1870ల గౌనుకు మిషను కుట్టే న్యాయం. కానీ జిప్పు పుట్టని కాలానికి జిప్పు అంటగడితే, అసలైనది కుట్టిన చేతుల్ని అవమానించడమే. మంచి చేతికుట్టుకు వందల గంటలు పడుతుంది. పక్కనే రెండు వేలకు నకిలీ దొరుకుతుంటే ఆ గంటలకు విలువ కట్టేదెవరు?

ఆర్నాల్డ్ లాంటి మనిషి మనకెందుకు లేదని రాత్రిళ్లు ఆలోచిస్తుంటాను. మా అమ్మమ్మ ముడి రవికకు భుజం అతుకు ఎక్కడ వేసేవారో నేను చూడనే లేదు. ఆమె పోయిన ఏడాదే ఆ రవికలన్నీ స్టీలు గిన్నెల ఆవిడ మూటలోకి వెళ్లిపోయాయి. మీ ఇంటి ట్రంకుపెట్టెలో అలాంటిది ఒక్కటి మిగిలినా, దయచేసి బయటికి తీయండి. తిరగేసి, టేపు పెట్టి కొలవండి. ప్రతి అతుకూ గ్రాఫ్ కాగితం మీద గీసి, ఎవరిదో, ఏ ఊరిదో పక్కన రాసిపెట్టండి.